పద్దెనిమిది నిమిషాల రొట్టె

యూదుల పండుగల్లో పస్కాకు పట్టినంత చాకిరీ మరే పండుగకూ పట్టదు. పండుగ ఇజ్రాయెల్‌లో ఏడు రోజులు, బయటి దేశాల్లో ఎనిమిది రోజులు. దానికోసం ఇల్లు దులపడం, గిన్నెలు మార్చడం, దినుసులు ఏరి పెట్టుకోవడం మాత్రం చాలా ఇళ్ళలో నెలముందే మొదలవుతాయి. ఈ వెతుకులాట అంతా ఒకే వస్తువు కోసం. అది పులిసిన పిండి. రొట్టెగా డబ్బాలో ఉన్నా, బిస్కెట్ ముక్కగా సోఫా సందులో ఇరుక్కున్నా, పిల్లవాడి చొక్కా జేబులో పొడిగా మిగిలినా పండుగనాటికి అది ఇంట్లో ఉండకూడదు.

తెలుగు బైబిలు చదివేవారికి పస్కా, పులియని రొట్టెల పండుగ అన్న మాటలు కొత్తవి కావు. హీబ్రూలో దీని పేరు పెసహ్. ‘దాటిపోవడం’ అని దానికి అర్థం చెబుతారు. కథ నిర్గమకాండంలో ఉంది. ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేస్తున్న ఇశ్రాయేలీయులను విడిచిపెట్టమని మోషే అడిగాడు, ఫరో ఒప్పుకోలేదు, దేశం మీదికి వరుసగా పది తెగుళ్ళు వచ్చాయి. పదోది తొలిచూలు పిల్లల చావు. గొర్రెపిల్లను కోసి దాని రక్తాన్ని ద్వారబంధాలకు పూసిన ఇళ్ళను మాత్రం మృత్యువు దాటిపోయింది. ఆ రాత్రే ఫరో వాళ్ళను వెళ్ళిపొమ్మన్నాడు. పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక, పులియని ముద్దనే మూటగట్టుకుని బయల్దేరారు. ఆ హడావిడికి గుర్తుగా నెలరోజులపాటు నింపాదిగా ఏర్పాట్లు చేసుకోవడం ఈ పండుగలోని చమత్కారం.

ఈ కథ ఎంతవరకు చరిత్ర అన్నదాని మీద పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆచారం పాతదనడానికి మాత్రం చేతికందే సాక్ష్యం ఉంది, అదీ ఐగుప్తులోనే. నైలు నదిలో, అస్వాన్ దగ్గర ఎలిఫెంటైన్ అనే లంక ఉంది. పారసీక చక్రవర్తుల ఏలుబడిలో అక్కడ యూదు సైనికులు కుటుంబాలతో కాపురముండేవారు. క్రీ.పూ. 419లో వాళ్ళకు అరామిక్ భాషలో రాసిన ఉత్తరం ఒకటి పపైరస్ మీద దొరికింది. నీసాను నెలలో 15 నుంచి 21వ తేదీ వరకు పులిసినదేదీ తినవద్దని, అలాంటిది ఉంటే గదిలో పెట్టి ముద్ర వేయాలని అందులో ఉంది. ఐగుప్తు నుంచి బయటపడిన పండుగను ఐగుప్తులోనే కూర్చుని చేసుకున్నారన్నమాట.

నీసాను యూదుల వసంత మాసం. వాళ్ళ నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి, రుతువులు తప్పకుండా పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అదనపు నెల కలుపుతారు. మన అధికమాసం లాంటి ఏర్పాటే. రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి, 15వ తేదీకి చెందిన పస్కా తొలిరాత్రి నిండు చంద్రుడి వెలుగులో వస్తుంది. 2023 నుంచి 2026 వరకు నాలుగేళ్ళూ అది మన చైత్ర పౌర్ణమికి అటూ ఇటుగానే పడింది. 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం యూదుల ఇళ్ళలో పస్కా విందు, మర్నాడు తెలుగు పంచాంగంలో చైత్ర పౌర్ణమి. అన్ని ఏళ్ళూ ఇలా కలవవు, రెండు పంచాంగాల్లో అదనపు నెల వచ్చే సంవత్సరాలు వేరు.

ఇంట్లో ఉండకూడని ఆ పులిసిన పదార్థాన్ని హీబ్రూలో హమేత్స్ అంటారు. పులిసినదంతా హమేత్స్ అనుకుంటే పొరపాటు. ద్రాక్షసారా పులిసినదే, అయినా పస్కా రాత్రి అది తప్పనిసరి. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, గోధుమకే దాయాది అయిన స్పెల్ట్ అనే పాత ధాన్యం, ఈ ఐదింటికే నిషేధం వర్తిస్తుంది. వీటి పిండికి నీళ్ళు తగిలి పద్దెనిమిది నిమిషాలు కదలిక లేకుండా ఉంటే పులియడం మొదలైనట్టే లెక్క. తెలుగు వంటింటి భాషలో చెప్పాలంటే, రాత్రంతా పొంగిన ఇడ్లీ పిండి హమేత్స్ కాదు. అందులో ఉన్నవి బియ్యం, మినుములు. అప్పటికప్పుడు దించిన గోధుమరవ్వ ఉప్మా మాత్రం హమేత్సే. సేమ్యా కూడా అంతే. పొడి ఇంగువ డబ్బా చూడటానికి అమాయకంగా ఉంటుంది గాని, ఇంగువను చాలామంది తయారీదారులు గోధుమపిండితో కలిపి పొడి చేస్తారు. కాబట్టి అదీ అనుమానపు జాబితాలోదే. కొనే ప్రతి డబ్బా మీద ‘పస్కాకు పనికొస్తుంది’ అన్న రబ్బీల (యూదు మతగురువుల) ముద్ర కోసం వెతకడం వెనక ఉన్న కారణం ఇదే.

ఆ ముద్ర శీతల పానీయాల దాకా వెళ్ళింది. అమెరికాలో అట్లాంటా నగరపు రబ్బీ టోబియాస్ గెఫెన్ కోకాకోలా దినుసుల జాబితాను రహస్యంగా ఉంచుతానని మాటిచ్చి పరిశీలించి, కొన్ని మార్పులు చేయించి, 1935లో అది యూదులు తాగవచ్చని తీర్పు రాశాడు. ఇప్పటికీ అమెరికాలో పస్కా ముందు కొన్ని వారాలు పసుపు మూతల కోకాకోలా సీసాలు అమ్ముతారు. కొందరు యూదులు పస్కాలో మొక్కజొన్న కూడా తినరు కాబట్టి, మొక్కజొన్న తీపిరసం బదులు అందులో చక్కెర వాడతారు.

ఇక ఇంటి పని. బూజులు దులపడం, పరుపులు ఎండలో వేయడం, పుస్తకాల పేజీల మధ్య రొట్టె పొడి రాలిందేమోనని విదిలించడం అన్నీ అయ్యాక వంటింటి వంతు వస్తుంది. రోజువారీ గిన్నెల్లో ఏడాది పొడుగునా పులిసిన పిండి ఉడికింది కాబట్టి దాని రుచి లోహంలోకి ఇంకిందని ధర్మశాస్త్రం భావిస్తుంది. ఎలా ఇంకిందో అలాగే బయటికి రప్పించాలి. నీళ్ళలో వంట చేసిన గిన్నెను సలసల మరిగే నీళ్ళలో ముంచితే చాలు. నేరుగా నిప్పు మీద కాల్చడానికి వాడిన ఇనుప చువ్వను ఎర్రగా కాల్చాలి. మట్టి పాత్రకు ప్రాయశ్చిత్తం లేదు, అందులో ఇంకింది ఎన్నటికీ పోదంటారు. వీలున్నవాళ్ళు ఈ తంటా అంతా లేకుండా పస్కాకు ప్రత్యేకంగా ఒక సెట్టు గిన్నెలు పెట్టుకుని, మిగతా ఏడాది అటక మీద కట్టి ఉంచుతారు. మడి గిన్నెలు విడిగా పెట్టుకున్న ఇళ్ళు చూసినవారికి ఇది అర్థం కావడం కష్టం కాదు.

పండుగకు ముందు రాత్రి చీకటి పడ్డాక ఇంటి పెద్ద కొవ్వొత్తి వెలిగించి, పక్షి ఈక, చెక్క గరిటె పట్టుకుని గదిగదీ వెతుకుతాడు. వారాల తరబడి తోమిన ఇంట్లో ఏమీ దొరకదు. ఏమీ దొరకకపోతే వెతికే ముందు చదివిన ఆశీర్వాద వాక్యం వృథా అవుతుందేమోనని, ఇంట్లోవాళ్ళే ముందుగా పది రొట్టె ముక్కలు కాగితంలో చుట్టి అక్కడక్కడ దాచిపెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. పిల్లలకు ఇదో ఆట. పదో ముక్క ఎక్కడ దాచామో మరిచిపోయిన ఇంట్లో మాత్రం ఆట కాస్తా రాద్ధాంతమవుతుంది. వెతికాక, కళ్ళబడకుండా మిగిలినదేదైనా తమది కాదని, దాన్ని దుమ్ముతో సమానంగా వదులుకున్నామని అరామిక్‌లో ప్రకటిస్తారు. దొరికిన ముక్కలను పొద్దున్నే బయట నిప్పుల్లో కాల్చేస్తారు.

రొట్టె ముక్కలైతే కాల్చవచ్చు. దుకాణంలో బస్తాల కొద్దీ మైదా, గిడ్డంగిలో ధాన్యం ఉన్నవాడి సంగతి? వాటిని అమ్మేస్తారు. యజమానులు రబ్బీకి అధికారపత్రం రాసిస్తారు, రబ్బీ సరుకంతటినీ యూదుడు కాని వ్యక్తికి ఒప్పందం రాసి అమ్ముతాడు. కొన్నవాడు బయానా ఇచ్చి, మిగతాది పండుగ అయ్యాక ఇస్తానంటాడు. పండుగ ముగియగానే బాకీ కట్టలేదు కాబట్టి సరుకు పాత యజమానులకు తిరిగి వస్తుంది. ఇది కంటితుడుపు వ్యవహారం కాదా అని యూదుల్లోనే అడిగేవారున్నారు. రబ్బీల జవాబు ఒకటే, ఒప్పందం చట్టబద్ధమైనది, కొన్నవాడు కావాలంటే పూర్తి డబ్బు కట్టి సరుకు పట్టుకుపోవచ్చు. ఇజ్రాయెల్ ప్రభుత్వపు నిల్వలు కూడా ఇలాగే చేతులు మారతాయి. జెరూసలేం దగ్గరి అబూ ఘోష్ గ్రామానికి చెందిన ఒక అరబ్ హోటల్ ఉద్యోగి 1990ల చివరి నుంచి చాలా ఏళ్ళు ఆ ప్రభుత్వపు నిల్వలకు ఏటా కొద్దిరోజులు యజమానిగా ఉన్నాడు.

డబ్బు ప్రస్తావన వచ్చింది కాబట్టి మరో ముచ్చట. పస్కాకు ముందు ఊళ్ళోని పేదల కోసం చందాలు పోగుచేయడం పాత కట్టుబాటు. దాని పేరు మఓత్ హిత్తిమ్, అంటే గోధుమల సొమ్ము. పులియని రొట్టెకు గోధుమలు కొనుక్కోలేని ఇల్లు ఊళ్ళో ఉండకూడదని ఉద్దేశం.

ఆ రొట్టెనే మాట్సా అంటారు. పిండి, నీళ్ళు తప్ప మరేమీ ఉండదు, ఉప్పు కూడా వేయరు. నియమనిష్ఠలు గలవారు కోత కోసిన నాటినుంచీ తడి తగలకుండా కాపలా కాసిన గోధుమలే వాడతారు. నీళ్ళు ముందురోజు సాయంత్రం పట్టి రాత్రంతా చల్లగా ఉంచినవి కావాలి. పిండి మీద నీళ్ళు పోసిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. ఒకరు కలిపితే మరొకరు ముద్దలు చేస్తారు, ఇంకొందరు అప్పడాల కర్రల్లాంటి వాటితో పల్చగా ఒత్తుతారు, ఒకరు పొంగకుండా చిల్లులు పొడుస్తారు, చివరివాడు పొడుగాటి కర్ర మీద వేసి భట్టీలోకి తోస్తాడు. పద్దెనిమిది నిమిషాల లోపల అంతా అయిపోవాలి. ఒక దఫా ముగిశాక బల్ల మీది కాగితం మార్చి, కర్రలు శుభ్రం చేసి, చేతులు కడుక్కుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతారు. మనం చూసే చపాతీ కంటే గట్టిగా, అప్పడం కంటే మందంగా ఉండే ఈ రొట్టెకు రుచి ఉంటుందని వాదించేవారు తక్కువ. యెమెన్ యూదుల మాట్సా మాత్రం మెత్తగా, మన రొట్టెలాగే ఉంటుంది.

1838లో ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో ఐజాక్ సింగర్ అనే ఆయన మాట్సా యంత్రం తయారుచేశాడు (కుట్టుమిషను సింగర్ వేరే). రెండు దశాబ్దాలు తిరిగేసరికి తూర్పు యూరప్ రబ్బీల మధ్య దానిమీద పెద్ద తగవు లేచింది. పళ్ళచక్రాల మధ్య ఇరుక్కున్న పిండి పులుస్తుందని బ్రోడీ పట్టణపు రబ్బీ ష్లోమో క్లూగర్ 1859లో వ్యతిరేకించాడు. రొట్టెలు ఒత్తి ఆ కూలితో పండుగ గడుపుకునే పేద ఆడవాళ్ళ నోట మట్టి పడుతుందన్నది ఆయన మరో అభ్యంతరం. ల్వోవ్ నగరపు రబ్బీ యోసెఫ్ షాఉల్ నాథన్సన్ యంత్రాన్ని సమర్థించాడు. చివరకు యంత్రమే గెలిచింది. 1888లో అమెరికాలోని సిన్సినాటిలో మానిషెవిట్జ్ కర్మాగారం మొదలైంది. గుండ్రటి మాట్సా చదరంగా మారి డబ్బాల్లోకి ఎక్కింది. చేత్తో ఒత్తిన గుండ్రటి రొట్టె కోసం ఎక్కువ ధర పెట్టేవాళ్ళు నేటికీ ఉన్నారు.

బియ్యం సంగతి తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. నిషిద్ధమైన ఐదు ధాన్యాల్లో వరి లేదు. అయినా జర్మనీ, పోలండ్, రష్యా వైపు యూదులు, అంటే అష్కెనాజీలు, సుమారు 13వ శతాబ్దం నుంచి పస్కాలో బియ్యం, పప్పులు, చిక్కుళ్ళు, తర్వాత మొక్కజొన్న కూడా మానేశారు. బస్తాల్లో గోధుమ గింజలు కలిసిపోతాయనీ, వీటి పిండి గోధుమపిండిలాగే కనబడి తికమక పెడుతుందనీ కారణాలు చెప్పారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీలు, ఇరాక్, భారత యూదులు ఈ నిషేధాన్ని పట్టించుకోలేదు. అష్కెనాజీ, సెఫార్దీ పెళ్ళి చేసుకుంటే ఏ వంటకం వండాలన్నది ఇజ్రాయెల్‌లో ఏటా వచ్చే ఇంటి చర్చ. 2015లో అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ రబ్బీల సంఘం అష్కెనాజీలు కూడా బియ్యం తినవచ్చని తీర్మానించింది.

బియ్యం తినడమంటే దానికీ ఒక పని ఉంది. కొచ్చి యూదులు ఆ పనిని తపస్సుగా చేశారు. డిసెంబరులో హనుక్కా దీపాల పండుగ అయిపోగానే వాళ్ళిళ్ళలో పస్కా పని మొదలయ్యేది. బియ్యాన్ని గింజగింజా చూసి, గోధుమ గింజ గానీ నూక గానీ లేకుండా ఏరి, విడిగా దాచేవారు. మిరియాలు, మిరపకాయలు, ధనియాలు కడిగి ఎండబెట్టి పొడులు కొట్టుకునేవారు. ఇళ్ళకు సున్నాలు వేయించేవారు, బావులు తోడి శుభ్రం చేయించేవారు. పస్కా గిన్నెలకు, దినుసులకు వేరే గది. ‘ద లాస్ట్ జ్యూస్ ఆఫ్ కొచ్చిన్’ రాసిన నేథన్ కాట్జ్, ఎలెన్ గోల్డ్‌బర్గ్ ఈ పట్టింపులో నంబూద్రి బ్రాహ్మణుల మడి ఆచారాల ఛాయను గుర్తించారు. మూలం యూదు ధర్మశాస్త్రమే అయినా, ఇరుగుపొరుగు గౌరవించే పద్ధతిలో దాన్ని పాటించారన్నది వారి వాదన. 1948 తర్వాత కొచ్చి యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. మట్టాంచేరిలో 1568 నాటి సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) నిలిచి ఉంది, యూదులు మాత్రం దాదాపుగా మిగల్లేదు.

కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్‌ల జ్ఞాపకం ఇంకా వింతైనది. బయటి యూదులతో సంబంధాలు తెగిపోయి, నూనె గానుగలు ఆడిస్తూ మహారాష్ట్ర పల్లెల్లో శతాబ్దాలు గడిపిన వీళ్ళు హీబ్రూ పేర్లు చాలావరకు మరిచిపోయారు. పస్కాను మరాఠీలో ‘అనాశీ ఢాకచా సణ్’ అనేవారు, అంటే పుల్లటి పచ్చడిరసం జాడీకి మూతపెట్టే పండుగ. ఐగుప్తు, మోషే పేర్లు వెనక్కి పోయినా, ఆ రోజుల్లో పులుపు జాడీ ముట్టకూడదన్న గుర్తు వంటింట్లో మిగిలింది. తర్వాతి కాలంలో వాళ్ళకు పుస్తకాలూ వచ్చాయి. బొంబాయిలో 1846లో మరాఠీ అనువాదంతో పస్కా పుస్తకం అచ్చయింది. 1874లో పుణేలో అచ్చయిన మరో ప్రతిలోని బొమ్మల్లో చీరలు కట్టిన ఆడవాళ్ళు మాట్సాలు చేస్తూ కనిపిస్తారు.

ఆ పుస్తకం పేరు హగ్గదా, అంటే చెప్పడం. పస్కా తొలిరాత్రి విందు దాన్ని అనుసరించి నడుస్తుంది. ఇజ్రాయెల్ బయట రెండో రాత్రి కూడా చేస్తారు. విందును సేదెర్ అంటారు, ఆ మాటకు క్రమం అని అర్థం. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేం ఆలయాన్ని కూల్చేవరకు పస్కా అంటే గొర్రెపిల్ల బలి. ఆలయం పోయాక బలి ఆగింది, పండుగ భోజనాల బల్ల దగ్గరికి చేరింది. సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నా గ్రంథంలోనే సేదెర్ రూపురేఖలు కనిపిస్తాయి. బలికి గుర్తుగా ఇప్పుడు పళ్ళెంలో కాల్చిన ఎముక ఒకటి పెడతారు, దాన్నెవరూ తినరు. సమరయులు మాత్రం నాబ్లస్ దగ్గరి గెరిజీము కొండ మీద నేటికీ గొర్రెలను బలి ఇచ్చి, గోతుల్లో కాల్చి తింటారు. వాళ్ళు యూదుల నుంచి ఏనాడో విడిపోయిన చిన్న సమాజం, మొత్తం జనాభా వెయ్యికి లోపే.

సేదెర్ పళ్ళెంలో ఎముకతోపాటు ఉడికించిన గుడ్డు, ఉప్పునీళ్ళలో ముంచడానికి ఆకుకూర, చేదు కూర, హరోసెత్ ఉంటాయి. ఉప్పునీళ్ళు బానిసల కన్నీళ్ళు. చేదుకు కొందరు లెట్యూస్ ఆకు, కొందరు కళ్ళల్లో నీళ్ళు తెప్పించే హార్స్‌రాడిష్ దుంప తింటారు. హరోసెత్ ఇటుకల మధ్య పూసిన అడుసుకు గుర్తు, కానీ తీపిది. అష్కెనాజీలు ఆపిల్, వాల్‌నట్, దాల్చినచెక్క, ద్రాక్షసారా కలిపి నూరుతారు. ఇరాక్, భారత యూదులు ఖర్జూరాలను ఉడికించి పిండి, చిక్కటి పాకం కాస్తారు. అడుసుకు పోలిక చూస్తే ఖర్జూరపు పాకానికే మార్కులు ఎక్కువ పడతాయి. నాలుగు గిన్నెల ద్రాక్షసారా తాగాలి. అది దొరకని మన దేశపు యూదులు ఎండుద్రాక్షను నానబెట్టి తీసిన రసంతో సరిపెట్టుకున్నారు.

రాత్రి మొత్తం పిల్లల చుట్టూ అల్లినది. ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదని అందరికంటే చిన్నవాళ్ళు అడగాలి. మిగతావారు కథ చెప్పాలి. తెలివైనవాడు, ఎదురుతిరిగేవాడు, అమాయకుడు, అడగడం కూడా తెలియనివాడు అని నలుగురు కొడుకులను ఊహించి, ఎవరికి ఎలా చెప్పాలో హగ్గదా నేర్పుతుంది. పది తెగుళ్ళ పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకు ఒక్కో చుక్క ద్రాక్షసారా పళ్ళెంలోకి వదులుతారు. శత్రువులే అయినా ఐగుప్తీయుల బాధ తలచుకున్నప్పుడు సంతోషపు గిన్నె నిండుగా ఉండకూడదని దీనికి వాడుకలో ఉన్న వివరణ. బల్ల మీద పెట్టిన మూడు మాట్సాల్లో నడిమిదాన్ని విరిచి పెద్ద ముక్క దాచిపెడతారు. పిల్లలు దాన్ని వెతికి పట్టుకుని బహుమతి ఇస్తేగాని తిరిగివ్వరు, అది లేకుండా భోజనం ముగియదు. పిల్లలను అర్ధరాత్రి దాకా మేలుకొలిపి ఉంచడానికి ఇంతకంటే మంచి ఉపాయం దొరకదు.

ఇరాక్ యూదుల ఇళ్ళలో కుర్రవాడొకడు మాట్సా మూట భుజానేసుకుని వస్తాడు. ఎక్కడినుంచి వస్తున్నావంటే ఐగుప్తునుంచి అంటాడు, ఎక్కడికంటే జెరూసలేంకు అంటాడు. ఇరాన్, అఫ్గానిస్తాన్ యూదులు ఒక పాట దగ్గర ఉల్లికాడలతో ఒకరినొకరు కొట్టుకుంటారు, కొరడా దెబ్బలకు గుర్తుగా. ప్రవక్త ఏలీయా కోసం ఒక గిన్నె నింపి వీధి తలుపు తీసి ఉంచడం మాత్రం చాలా ఇళ్ళకు ఉమ్మడి. వచ్చే యేడు జెరూసలేంలో కలుసుకోవాలన్న కోరికతో ఆ రాత్రి ముగుస్తుంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కూడా పస్కా జరుగుతుంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశీకులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం అక్కడ ఉంది. మాదిగ నేపథ్యం గల ఈ కుటుంబాలు మునుపు క్రైస్తవులు. 1991లో సినగాగ్ ఏర్పరచుకుని, హీబ్రూ నేర్చుకుని, యూదు పండుగలు పాటిస్తున్నారు. వీరి గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో పుస్తకం ప్రచురించారు. వారి వంశవాదాన్ని ఇజ్రాయెల్ ప్రభుత్వం గుర్తించలేదు. తెలుగు బైబిలులో పస్కా అన్న మాట చదివి పెరిగినవారు ఆ పండుగను తమదిగా చేసుకున్న చోటు అది.

విందు రాత్రుల తర్వాతి రోజుల్లో పెద్దగా తంతు ఉండదు. మొదటి రోజు, చివరి రోజు పనులు మానాలి, నడిమి రోజులు సగం సెలవుల్లాంటివి. ఏడో రోజు సముద్రం రెండుగా చీలిన ఘట్టాన్ని చదువుతారు. మాట్సాను పాలలో, గుడ్డులో, చారులో ఎన్ని విధాల నానబెట్టవచ్చో ఆ వారంలో తెలిసిపోతుంది. రెండో రాత్రి నుంచి 49 రోజుల లెక్క మొదలై యాభయ్యో రోజున వారముల పండుగతో ముగుస్తుంది.

చివరి రోజు పొద్దు గుంకగానే గిన్నెలు కడిగి, తుడిచి, మళ్ళీ అటకెక్కిస్తారు. అమ్మిన సరుకు తిరిగి యజమానులకు చేరుతుంది. మొరాకోలో ఆ రాత్రి పేరు మిమూనా. ఎనిమిది రోజులుగా యూదుల ఇళ్ళలో చిటికెడు పిండి ఉండేది కాదు కాబట్టి, ముస్లిం ఇరుగుపొరుగు పిండి, పులిసిన ముద్ద, పాలు, తేనె పళ్ళేల్లో పట్టుకుని వచ్చేవారు. ఆ పిండితోనే పల్చటి ముఫ్లెతా రొట్టెలు కాల్చి, వెన్నా తేనే రాసి, వచ్చినవాళ్ళతో కలిసి తినేవారు.